'టాప్ 10 లాయర్' షీల్డు చూసి కేసు అప్పగించకండి: మా అమ్మ కేసులో జరిగింది ఇదీ

కోర్టు పని మీద లాయర్‌ను వెతుకుతున్నవాళ్లు ఫీజు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. ఆయన పేరు రాయడం లేదు. ఆయన పరువు తీయాలని లేదు నాకు, మాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని రాస్తున్నాను.

మా తాత పొలంలో అమ్మ వాటా కోసం మేనమామల మీద భాగపంపిణీ దావా వేయాల్సి వచ్చింది. తోడబుట్టినవాళ్ల మీద కోర్టుకెక్కడానికి అమ్మ ఏడేళ్లు ఒప్పుకోలేదు. చివరికి సరేనన్నాక మంచి లాయర్ కోసం నేనే ఫోన్‌లో వెతికాను. 'తెలంగాణ టాప్ 10 సివిల్ లాయర్లు' అని ఒక జాబితా, అందులో హనుమకొండలోనే ఆఫీసున్న ఒకాయన కనిపించారు. వెళ్లాం. ఆయన కుర్చీ వెనక అద్దాల అల్మరాలో బంగారు రంగు షీల్డు, నీలం వెల్వెట్ పెట్టెలో పతకం, ఒక సినిమా నటుడి చేతుల మీదుగా అవార్డు అందుకుంటున్న ఫోటో. అమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసి 'పెద్దాయనే' అంది. ఆ రోజే 60 వేలు కట్టి, వకాల్తా మీద సంతకం పెట్టాం. రసీదు అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆ తర్వాత ప్రతి వాయిదాకూ ఒకటే మాట: 'మీరు రానక్కర్లేదమ్మా, నేను చూసుకుంటా.'

మా పిన్ని కూతురు ఖమ్మంలో లాయర్‌గా చేస్తోంది, కొత్తగా చేరింది. పండక్కి వచ్చినప్పుడు, కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో మా కేసు నంబరు కొట్టి చూసింది. ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చింది. 'డిస్మిస్డ్ ఫర్ డీఫాల్ట్' అని ఉంది. వాయిదాకు పిలిచినా మా తరఫున ఎవరూ పలకలేదట, కేసు కొట్టేశారు. కొట్టేసి అప్పటికే నాలుగు నెలలు. మళ్లీ తెరిపించే పిటిషన్ 30 రోజుల్లో వేయాలి. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఆ రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాను.

షీల్డు సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. మా లాయర్‌కు షీల్డు ఇచ్చిన సంస్థే తనకూ వాట్సాప్ పంపిందట: మీరు ఎంపికయ్యారు, 35 వేలు కడితే షీల్డు, పత్రికలో అర పేజీ, వేదిక మీద ఫోటో. 'ఒక్క కేసు గురించి అడగలేదక్కా. ఒక్క క్లయింటు నంబరూ అడగలేదు. షీల్డు మీద పేరు స్పెల్లింగ్ ఒక్కటే అడిగారు' అంది.

అప్పుడు కూర్చుని అసలు జాబితాలు ఎలా తయారవుతాయో తెలుసుకున్నాను. లాయర్లకు ర్యాంకులిచ్చే లండన్ సంస్థ చాంబర్స్ అండ్ పార్ట్‌నర్స్‌కు లా ఫర్మ్‌లు తాము చేసిన ముఖ్యమైన కేసుల వివరాలు, తమ క్లయింట్ల పేర్లు పంపుతాయి. పరిశోధకులు ఆ క్లయింట్లను, అదే రంగంలోని ఇతర లాయర్లను స్వయంగా అడిగి, ఎవరు ఏ బ్యాండ్‌లో, అంటే ఏ ర్యాంకు స్థాయిలో ఉండాలో నిర్ణయిస్తారు. ర్యాంకు కోసం డబ్బు తీసుకోరు. లీగల్ 500 అనే ఇలాంటి మరో జాబితా పద్ధతీ దాదాపు ఇంతే. అమెరికాలోని మనవాళ్లకు తరచూ కనబడే సూపర్ లాయర్స్ జాబితాలో తోటి లాయర్ల నామినేషన్లు, సంస్థ సొంత పరిశోధన కలిపి ఒక రాష్ట్రంలో 5 శాతానికి మించకుండా ఎంపిక చేస్తారు. ఈ సంస్థలు కూడా ఎంపికైనవాళ్లకు ప్రొఫైళ్లు, ప్రకటనలు అమ్ముకుంటాయి. కానీ ఎంపిక ముందు, అమ్మకం తర్వాత. మా లాయర్ షీల్డుకు డబ్బే ముందు.

ఇంకో మాట. ఆ పెద్ద జాబితాలు కూడా మనలాంటివాళ్లకు పెద్దగా పనికిరావు. వాటిలో కంపెనీలు, బ్యాంకులు, ఆర్బిట్రేషన్ లాంటి విభాగాలుంటాయి. జిల్లా కోర్టులో పొలం వాటా కేసు ఎవరు బాగా నడుపుతారో అక్కడ దొరకదు.

మా లాయర్ బోర్డు మీద 'సీనియర్ అడ్వకేట్' అని కూడా ఉంది. అది వయసుతో వచ్చే బిరుదు అనుకున్నాను. అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ కింద హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే హోదా అది. ఆ హోదా ఉన్నవాళ్లు సొంతంగా వకాల్తా వేయకూడదు. మా దగ్గర వకాల్తా తీసుకున్న రోజే నాకు అనుమానం రావాల్సింది. పైగా లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం లాయర్లు పని కోసం ప్రచారం చేసుకోకూడదు. ఆన్‌లైన్ వేదికల ద్వారా పని రాబట్టుకునే లాయర్ల మీద చర్యలు తీసుకోవాలని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు గట్టిగానే చెప్పింది.

కన్స్యూమర్ కోర్టుకు పోదామనుకుంటే ఆ దారి లేదు. లాయర్ సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇచ్చాం, అది నడుస్తోంది. బాకీ ఉందంటూ ఆయన ఫైలు ఇవ్వనన్నారు. ఫీజు కోసం క్లయింటు కాగితాలు ఆపే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ మాట రాసి నోటీసు పంపాక ఇచ్చారు.

కాబట్టి డబ్బు కట్టే ముందే చూసుకోండి. ఈకోర్ట్స్‌లో లాయర్ పేరుతో వెతికితే ఆ కోర్టులో ఆయన నడుపుతున్న కేసులు, ఏది ఏ దశలో ఉందో కనబడతాయి. ఒక పూట వెళ్లి కోర్టు హాల్లో కూర్చోండి, పిలిచినప్పుడు ఎవరు లేచి పలుకుతున్నారో మీకే తెలుస్తుంది. బార్ కౌన్సిల్ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబరు, రసీదు అడగండి. కేసు నంబరు పడ్డ రోజే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు) తీసుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. ఇది నాకు 60 వేలు కట్టాక తెలిసింది.

కొత్త లాయర్ ఆలస్యానికి కారణం చూపించి పిటిషన్ వేశారు. కోర్టు 3 వేలు ఖర్చుల కింద కట్టమని కేసును మళ్లీ తీసుకుంది. వచ్చే నెల 18న వాయిదా. అమ్మ తనే వెళ్తానంది. సీఎన్ఆర్ నంబరు వంటింటి క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకుంది.