లైసెన్స్ లేదని కేసు: ఒప్పుకోవడమా, కొట్లాడడమా?

మా బామ్మర్ది దేవరకొండ దిక్కు కరెంటు పని చేస్తడు. లైసెన్స్ లేకుండా ఇంటి వైరింగ్ గుత్తకు పట్టిండని కేసు పెట్టిండ్రు. ఇంట్ల రెండు మాటలు నడిచినయ్.

తప్పు ఒప్పుకొని జరిమానా కడితే తొందరగ తేలిపోతది, కూలి పోదు. కానీ కోర్టుల ఒప్పుకుంటే శిక్ష పడ్డట్టే లెక్క. రేపు లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాగితం అడ్డమొస్తదని నా భయం.

కొట్లాడితే వాయిదా ఉన్న రోజల్లా పని బంద్. వకీలు ఖర్చుకైతే దారుంది. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, ఆదాయం తక్కువున్నోళ్లకు నల్గొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగ వకీలును పెడతది.

నేను కొట్లాడమనే చెప్పిన. నేరం రుజువు చేయాల్సింది కేసు పెట్టినోళ్లే. విద్యుత్ భద్రతా నిబంధనల్లో వైరింగ్‌కు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు కావాలె గానీ, 250 వోల్టుల లోపు బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుడుకు మినహాయింపు ఉంది. మావోడు చేసిందాంట్ల సగం అదే. మిగతాది లైసెన్సున్న మేస్త్రి కింద కూలికి చేసిండు. చిన్న నోటుబుక్కుల తారీఖు ఎదురుగ పెన్సిల్‌తో 900, 900 అని రాసుకున్నడు. వైరు కట్టల బిల్లులన్నీ ఇంటి యజమాని పేరు మీదనే ఉన్నయ్. నిజంగనే గుత్తకు పట్టి ఉంటే మొదటి దారే నయమనేవాణ్ణి.

బుక్కు వకీలుకిచ్చినం, జిరాక్సులు మా దగ్గరుంచుకున్నం.