పెర్సీ, ఆరూ, మిన్లీ: పిల్లలకు ఏ పురాణ సాహసం ముందు?

ఒకే అధ్యాయాన్ని ఒకే రాత్రి ఇద్దరు పిల్లలకు చదివి వినిపించాను. చూపుతోనే మనుషులను రాయిగా మార్చే గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా ఎవరో ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు. రిక్ రియోర్డన్ రాసిన ‘ది లైట్నింగ్ థీఫ్’లో పెర్సీ, అతని ఇద్దరు స్నేహితులు ఆకలికి నకనకలాడుతూ దారి పక్కన ఒక దుకాణానికి చేరతారు. ముంగిట నిండా రాతి బొమ్మలు. ముఖానికి ముసుగు వేసుకున్న ఒకావిడ ఆప్యాయంగా లోపలికి పిలిచి కడుపు నిండా పెడుతుంది. ఒక బొమ్మను చూసి స్నేహితుల్లో ఒకడు, అచ్చం మా మామయ్యలా ఉందే అని గొణుగుతాడు. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. “ఎంత మంచావిడో!” అంది. పదకొండేళ్ల దాని అన్న అప్పటికే దుప్పటి నెత్తి మీదికి లాక్కుని, “పిన్నీ, ఆవిడ ముసుగు తీయకముందే వాళ్లను పారిపొమ్మని చెప్పు!” అని అరుస్తున్నాడు.

అప్పటి నుంచి, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు పురాణ సాహస నవల ఏది ఇవ్వాలని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను: మూలకథ వాళ్లకు ఎంత తెలుసు? తెలిసిన పాత్ర మారువేషంలో వచ్చినప్పుడు కథానాయకుడి కంటే ముందే పోల్చుకోవడంలోనే ఈ నవలల రుచి సగం ఉంది. ఎవరిది ఏ పురాణం, ఎన్ని భాగాలు అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

పెర్సీ మొదటి పుస్తకం 2005లో వచ్చింది. 2009 నాటికి ఐదు భాగాలతో మొదటి వరుస పూర్తయింది. పన్నెండేళ్ల పెర్సీ కథంతా తన నోటితోనే చెబుతాడు. లెక్కల టీచరును పొరపాటున ఆవిరి చేసేశానని మొదటి అధ్యాయానికి పేరు! పుస్తకమంటే ముఖం తిప్పుకునే పిల్లలను కూర్చోబెట్టడంలో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. రియోర్డన్ ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పిన మనిషి. చదవడానికి ఇబ్బంది పడే తన కొడుక్కి పడుకునే ముందు చెప్పిన కథ ఇలా నవలైంది. అందుకే పెర్సీకి డిస్‌లెక్సియా, అంటే అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఇబ్బంది, ఉంటుంది. అతని మెదడు పుట్టుకతోనే ప్రాచీన గ్రీకుకు తయారై ఉందని, ఇంగ్లీషు అక్షరాలు కళ్ల ముందు చెదిరిపోయేది అందుకేనని కథలో తేలుతుంది. ‘నీకు చదువు రాదు’ అని రోజూ వినే పిల్లవాడు ఆ పేజీ దగ్గర కాసేపు ఆగుతాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. పెర్సీ సవతి తండ్రి దుర్మార్గుడు, తల్లిని హింసిస్తాడు. చివర్లో అతని గతి ఏమవుతుందో ముందు మీరు చదివి చూసుకోవడం మంచిది. దేవుళ్లకు మనుషుల వల్ల పిల్లలు పుట్టడమేమిటన్న ప్రశ్న కూడా రావచ్చు (కుంతి కథ విన్న పిల్లలు అడగరు లెండి). అసలు గాథలో మెడూసా తల నరికిన పెర్సియస్ దేవతల రాజు జ్యూస్ కొడుకు. నవలలో పెర్సీ మాత్రం సముద్రదేవుడు పొసైడన్ కొడుకు. ఇలాంటి తిరకాసులు అందాలంటే రెండు సాయంత్రాలు పెర్సియస్, ఎద్దు తల రాక్షసుడు మినోటార్, పాతాళ దేవుడు హేడిస్ కథలు చెప్పి, ఆ తర్వాత పుస్తకం చేతికివ్వండి.

రోషనీ చోక్షీ రాసిన ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ 2018లో వచ్చింది. ఇదీ ఐదు భాగాల వరుసే, 2022లో ముగిసింది. భారతం విన్న పిల్లలకు ఇక్కడ ఆ రెండు సాయంత్రాల పని లేదు. పన్నెండేళ్ల ఆరూ తల్లితో కలిసి మ్యూజియంలో ఉంటుంది. గొప్పల కోసం అబద్ధాలాడే పిల్ల. తోటి పిల్లలు రెచ్చగొడితే, ముట్టుకోకూడదని తల్లి చెప్పిన దీపాన్ని వెలిగిస్తుంది. అంతే, చుట్టూ కాలం ఆగిపోతుంది, తల్లి సహా అందరూ ఉన్నచోటే బిగుసుకుపోతారు. పాండవుల ఆత్మలు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుట్టాయన్నది కథకు ఆయువుపట్టు. ఆరూ ఇంద్రుడి బిడ్డ. ఆమెకు తోడొచ్చే మిన్నీ యముడి బిడ్డ, జబ్బులంటే హడలి చచ్చే పిల్ల. వీళ్లకు దక్కిన ఆయుధాలు చూడండి: ఒకరికి పింగ్‌పాంగ్ బంతంత బంగారు గోళీ, ఇంకొకరికి చేతిలో ఇమిడే అద్దపు డబ్బీ. ఇంద్రుడి కూతురి చేతిలో మెరిసే బంతి ఏమిటో, యముడి కూతురికి దక్కిన డబ్బీ ఏమిటో ఊహించడానికి మన పిల్లలు ఎన్నో పేజీలు తీసుకోరు.

ఇప్పుడొక గుట్టు విప్పుతున్నాను, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. వీళ్లకు దారి చూపే పావురం పేరు సుబల. భారతంలో సుబలుడు గాంధార రాజు, శకుని తండ్రి. శకునికి సౌబలుడని పేరొచ్చింది అందుకే. ఆ పావురం సాక్షాత్తూ శకునే, చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా పాండవులకు సాయం చేయాల్సి వచ్చింది. మెడూసా దగ్గర అమాయకంగా మోసపోయిన మా అక్క కూతురు ఇక్కడ మాత్రం అమ్మమ్మకు ఫోన్ చేసింది: “శకుని వాళ్ల నాన్న పేరేమిటి?”

కథనంలో మాత్రం ఆరూ నాకు పెర్సీ అంత నచ్చలేదు. ప్రతి రెండో వాక్యానికీ ఒక ఛలోక్తి, సినిమాల ప్రస్తావనలు; భయపడాల్సిన చోట కూడా నవ్వించబోతుంది. ఇంకో సంగతి, భారతం అసలు విననే వినని పిల్లలకు దీన్ని ముందు ఇవ్వను. పాచికల శకుని కంటే ముందు పశ్చాత్తాపపడే పావురాన్ని కలిస్తే, ఆ మార్పులోని చమత్కారం చప్పగా జారిపోతుంది. పాండవులను ఆడపిల్లలను చేశారని ముఖం ముడుచుకునే పెద్దలున్నారు. నాకైతే పుస్తకంలో అన్నిటికంటే మంచి ఆలోచన అదే.

మూలకథ ఏదీ తెలియకపోయినా పర్వాలేదనిపించేది గ్రేస్ లిన్ నవల ‘వేర్ ద మౌంటెన్ మీట్స్ ద మూన్’. చైనా జానపద కథల మీద అల్లిన ఈ పుస్తకం 2009లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ గుర్తింపు పొందింది. పేద ఇంటి పిల్ల మిన్లీ, తమ రాత మార్చమని చంద్రవృద్ధుణ్ణి అడగడానికి బయలుదేరుతుంది. దారిలో ఎగరలేని డ్రాగన్ తోడవుతుంది. ఎదురైన ప్రతివారూ ఒక కథ చెబుతారు, ఆ కథలన్నీ చివరికి ఒకే ముడిలో పడతాయి. బొమ్మలు రచయిత్రే వేశారు. కత్తియుద్ధాల కోసం చూసేవాడు నలభై పేజీల్లో విసుక్కుంటాడు. పెద్దగా చదివి వినిపించడానికి మాత్రం మూడింటిలో ఇదే మేలు. ఒక్కో కథ చిన్నది, నిద్రవేళకు సరిగ్గా సరిపోతుంది.

చదవడమే ఇష్టం లేని పిల్లలకు పెర్సీ, భారతం వింటూ పెరిగినవాళ్లకు ఆరూ, ఎనిమిదేళ్లు అప్పుడే నిండినవాళ్లకు మిన్లీ ఇస్తాను. అమ్మమ్మ భారతం పుణ్యమా అని మా అక్క కూతురు ఆరూ రెండో భాగంలోకి వెళ్లింది. నిన్న రాత్రి మాత్రం ఆ ముసుగావిడ దుకాణం అధ్యాయం మళ్లీ చదవమంది. ఈసారి దుప్పటి లాక్కోవడం తన వంతు.