ఏడేళ్లు విర్ట్-మేనేజర్‌తో: ఉల్లి మండీ లెక్కలు, ఐదున్నర గంటల తేడా

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాలు దిగే రోజుల్లో నా ఫోను ఉదయం ఏడింటికే మోగుతుంది. "సార్, లెక్కలు తెరుచుకోవడం లేదు" అంటాడు మండీ గుమాస్తా. నమస్కారం కూడా ఆ తర్వాతే. ఆ లెక్కలు ఫాక్స్‌ప్రోలో రాసిన పాత డాస్ ప్రోగ్రాం. రైతు పేరు, బస్తాలు, తూకం, కమిషను, హమాలీ అన్నీ అందులోనే. రాసినాయన ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయారు, సోర్సు కోడ్ ఎవరి దగ్గరా లేదు. 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నడవవు. 2018 వేసవిలో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయినప్పుడు మండీ పెద్దాయన నన్ను పిలిచి, "కొత్త పెట్టె ఏదైనా తెచ్చుకో నాయనా, లెక్కలు మాత్రం ఇవే ఉండాలి" అన్నారు.

అలా విర్ట్-మేనేజర్ నా జీవితంలోకి వచ్చింది. లినక్స్ పెట్టిన కొత్త కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్), దాంట్లో ఎక్స్‌పీ, ఆ ఎక్స్‌పీలో లెక్కలు. ఆ తర్వాత ఆదోనిలో రెండు జిన్నింగ్ మిల్లులు, ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం కూడా ఇదే దారి పట్టాయి. ఇప్పుడు నా చేతికింద మొత్తం ఇరవైకి పైగా వీఎంలు ఉన్నాయి. ఇది డేటా సెంటరు నడిపే వారి సమీక్ష కాదని ముందే తెలిసిపోతుందిలెండి.

దీన్ని వాడబోయేవారు మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. విర్ట్-మేనేజర్ వర్చువల్ మెషీన్లను నడపదు, నడుస్తున్న వాటిని చూపిస్తుంది, అంతే. నడిపేది క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టినది. దానికి ప్రాసెసర్ వేగాన్ని అందించే కేవీఎం 2007 ఫిబ్రవరిలో 2.6.20 వెర్షన్‌తో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చేరింది. ఈ రెండింటి మీద పెత్తనం చేసేది 2005లో పుట్టిన లిబ్‌విర్ట్. విర్ట్-మేనేజర్ ఆ లిబ్‌విర్ట్‌తో మాట్లాడే పైథాన్ కిటికీ మాత్రమే. కిటికీ మూసేసినా, అది హఠాత్తుగా కూలిపోయినా లోపల ఎక్స్‌పీ నిశ్చింతగా నడుస్తూనే ఉంటుంది. ఈ ఏడేళ్లలో కిటికీ నా ముందు చాలాసార్లు కూలింది. దానివల్ల లెక్క ఒక్కటీ పోలేదు. నాకు దీనిమీద ఉన్న గౌరవంలో సగం అక్కడిదే.

మిగతా సగం చిరాకు. తప్పు ఏ పొరలో ఉందో పైనుంచి చూస్తే తెలియదు.

మొదటి దెబ్బ గడియారంతో తగిలింది. ఎక్స్‌పీ పెట్టిన మూడో రోజున గుమాస్తా ఫోను చేసి బిల్లుల మీద టైము తప్పుగా పడుతోందన్నాడు. వెళ్లి చూస్తే పదకొండు గంటలకు రాసిన బిల్లు మీద తెల్లవారుజామున ఐదున్నర అని ఉంది. పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి, "రైతు ఇంట్లో నిద్ర లేవకముందే మనం సరుకు కొన్నామన్నమాట" అన్నారు. నేను టైము సరిచేసి వచ్చాను. మర్నాడు మళ్లీ అదే. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలని రెండో రోజు గమనించాను. అప్పుడు వెలిగింది. మన దేశపు గడియారం గ్రీనిచ్‌కు అంతే ముందు నడుస్తుంది. కంప్యూటర్ లోపలి గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయాన్ని దాచుకుంటుంది, విండోస్ స్థానిక సమయాన్ని ఆశిస్తుంది. వీఎం తయారు చేసేటప్పుడు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని విర్ట్-మేనేజర్ అడిగింది. నేను జాబితా వెతకడానికి బద్ధకించి జెనెరిక్ అని నొక్కాను. ఎక్స్‌పీ అని చెప్పి ఉంటే గడియారాన్ని అదే స్థానిక సమయానికి పెట్టేది. ఆ ఒక్క జవాబును బట్టి డిస్కు రకం, నెట్‌వర్క్ కార్డు రకం, గడియారం అన్నీ నిర్ణయమవుతాయని ఆ పేజీలో ఎక్కడా గట్టిగా చెప్పరు.

కథ అక్కడితో అయిపోలేదు. వీఎం అమరికలన్నీ రాసి ఉండే ఎక్స్ఎంఎల్ ఫైలులో గడియారం వరుస వెతికి, యూటీసీ (గ్రీనిచ్ సమయం) అన్నచోట లోకల్‌టైమ్ అని మార్చాను. ఎక్స్‌పీని రీస్టార్ట్ చేశాను. మార్పు లేదు. మళ్లీ చేశాను. లేదు. గంటన్నర తర్వాత తెలిసినదేమిటంటే, లోపలి విండోస్ రీస్టార్ట్ అయినంత మాత్రాన బయటి క్యూఈఎంయూ ప్రాసెస్ మళ్లీ మొదలుకాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తేనే కొత్త అమరిక అమలవుతుంది. ఈ మాట విర్ట్-మేనేజర్ ఒక చిన్న పెట్టెలో చెబుతుంది. చదవకుండా ఓకే నొక్కింది నేనే. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు ఇప్పుడు మొదటి పాఠం ఇదే, అయినా నెలకొకడు ఇదే గుంటలో పడతాడు.

తర్వాతిది ప్రింటర్. మండీలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను యూఎస్‌బీ ద్వారా నేరుగా వీఎంకు అప్పగించి, లోపల డాస్ ప్రోగ్రాములకు తెలిసిన పాత ప్రింటర్ దారి ఎల్‌పీటీ1కు మళ్లించాను. చక్కగా పనిచేసింది. వారం తర్వాత ఉదయం ఏడింటి ఫోను: లెక్కలు తెరుచుకోవడం లేదు. తలుపులు తీసే కుర్రవాడు ప్రింటర్ స్విచ్ వేయలేదు. అప్పగించిన యూఎస్‌బీ పరికరం కనబడకపోతే లిబ్‌విర్ట్ మొత్తం వీఎంనే మొదలుపెట్టదు. ప్రింటర్ లేకపోతే బిల్లు ఆగాలి గాని ఖాతా పుస్తకమే తెరుచుకోకపోవడమేమిటి! దీనికి మందు ఉంది. ఆ పరికరపు ఎక్స్ఎంఎల్‌లో స్టార్టప్ పాలసీ ఆప్షనల్ అని ఒక్క మాట చేర్చాలి. నాకు బటన్లలో ఎక్కడా కనబడలేదు. ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్ఎంఎల్ సవరణకు అనుమతిస్తూ టిక్కు పెట్టుకుని, ఆ పేజీలో చేత్తో రాయాలి. 2019లో వచ్చిన 2.2 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం కిటికీలోనే ఉంది. అంతకుముందు టెర్మినల్‌లో విర్ష్ (లిబ్‌విర్ట్‌కు టైపు చేసి ఆదేశాలిచ్చే పనిముట్టు) ఎడిట్ అంటూ పోవలసి వచ్చేది. ఆ టిక్కు పెట్టుకోకుండా దీన్ని వాడేవారు సగం పనిముట్టునే వాడుతున్నట్టు లెక్క.

ఇక అసలు గండం. 2021 సెప్టెంబరు, యార్డు నిండా ఉల్లి. మధ్యాహ్నం రెండింటికి ఎక్స్‌పీ తెర బిగుసుకుపోయింది. విర్ట్-మేనేజర్ జాబితాలో ఆ వీఎం పక్కన పాజ్‌డ్ అని ఉంది. ఎవరూ పాజ్ నొక్కలేదు. రెజ్యూమ్ నొక్కితే అర క్షణం రన్నింగ్ అంటుంది, మళ్లీ పాజ్‌డ్. వెనకాల గుమాస్తా, గుమాస్తా వెనకాల చీటీలు పట్టుకున్న ఏడెనిమిది మంది రైతులు. నేను రెజ్యూమ్ నొక్కుతూనే ఉన్నాను, లిఫ్టు బటన్ పదిసార్లు నొక్కితే త్వరగా వస్తుందనుకునే మనిషిలా.

చివరికి టెర్మినల్ తెరిచి విర్ష్‌ను డామ్‌స్టేట్ (వీఎం స్థితి) కారణంతో సహా అడిగితే ఐ/ఓ ఎర్రర్ అంది. డామ్‌బ్లాక్‌ఎర్రర్ (డిస్కులో తప్పు) అని అడిగితే నో స్పేస్ అంది. హోస్టు, అంటే వీఎంలను మోసే అసలు కంప్యూటర్, దాని డిస్కు నిండిపోయింది! ఎక్స్‌పీకి ఇచ్చిన డిస్కులో సగం ఖాళీ ఉన్నా, దాన్ని మోస్తున్న అసలు డిస్కులో చోటు లేదు. క్యూకౌ2 రకం డిస్కు ఫైలు వాడేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు తుడిచేసినంత మాత్రాన బయట తగ్గదు. రాయడానికి చోటు దొరకనప్పుడు క్యూఈఎంయూ వీఎంను చంపకుండా, ఉన్నది ఉన్నట్టు నిలబెడుతుంది. ఆలోచిస్తే అది ఎంతో మర్యాదైన పద్ధతి. నేను హోస్టులో పాత ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ డిస్కుల నకళ్లు) నాలుగు తీసేసి రెజ్యూమ్ నొక్కగానే, గుమాస్తా సగం కొట్టిన రైతు పేరు దగ్గర కర్సర్ మళ్లీ మిణుకుమంది. ఒక్క అక్షరం పోలేదు.

ఇంత గొప్పగా కాపాడిన వ్యవస్థ, ఆ మాట జాబితాలో చెప్పదేం? కారణం కోసం లోపలి పేజీలకో టెర్మినల్‌కో పోవాలి. డిస్కు నిండింది అన్న రెండు ముక్కలు ఆ పాజ్‌డ్ పక్కన ఉంటే ఆ రోజు నలభై నిమిషాలు మిగిలేవి. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు ఇది.

ఆ సాయంత్రం నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. హోస్టు డిస్కు 80 శాతం దాటితే నాకు సందేశం వచ్చేలా చిన్న స్క్రిప్టు పెట్టాను. ఎక్స్‌పీకి ట్రిమ్ (ఖాళీ అయిన చోటును డిస్కుకు తెలిపే పద్ధతి) తెలియదు కాబట్టి ఆరు నెలలకోసారి లోపలి ఖాళీ చోటును సున్నాలతో నింపి, వీఎం ఆపి, క్యూఈఎంయూ-ఇమేజ్ కన్వర్ట్‌తో కొత్త ఫైలుగా మారుస్తాను. మొదటిసారి 71 జీబీ ఫైలు 19కి దిగింది.

శిక్షణ కేంద్రంలో జరిగినది మాత్రం పూర్తిగా నా నిర్వాకం. ఒక మూల డిస్కు తయారు చేసి, దాని మీద ఆరుగురు విద్యార్థులకు ఆరు పై పొరల డిస్కులు (మూల డిస్కుతో వచ్చే తేడాలు మాత్రమే దాచుకునేవి) ఇచ్చాను. చోటు బాగా కలిసొచ్చింది. ఒక ఆదివారం యాంటీవైరస్ కొత్తది వేద్దామని ఆ మూల డిస్కునే బూట్ చేశాను. సోమవారం ఆరూ చెడిపోయి లేచాయి. పై పొరలు ఉన్నప్పుడు అడుగు డిస్కులో ఏమీ రాయకూడదన్నది ఈ విద్యలో ఓనమాలు. ఇప్పుడు మూల ఫైళ్లకు రాసే అనుమతి తీసేసి ఉంచుతున్నాను.

కరెంటు విషయం కూడా చెప్పాలి. ఇక్కడ మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, కరెంటుకు మాట నిలకడ ఉండదు. మండీ యూపీఎస్ పది నిమిషాలు ఆగుతుంది. లిబ్‌విర్ట్-గెస్ట్స్ సర్వీసు హోస్టు ఆగిపోయే ముందు వీఎంలకు షట్‌డౌన్ చెప్పి, మామూలు అమరికలో 300 సెకన్లు వేచి చూస్తుంది. యూపీఎస్‌లో సగం బ్యాటరీ మిగిలి ఉండగానే ఆ పని మొదలయ్యేలా పెట్టుకోకపోతే లెక్క తప్పుతుంది. ఒకసారి పెట్టుకుంటే మళ్లీ ముట్టుకోనక్కరలేదు.

బగ్‌లు నివేదించడం గురించి. నేను పంపినవి మూడు. మొదటిదానికి, విర్ట్-మేనేజర్ రాసేవారు డీబగ్ ఆప్షన్‌తో నడిపి ఆ లాగ్, వీఎం ఎక్స్ఎంఎల్, లిబ్‌విర్ట్ వెర్షన్ పంపమన్నారు. నేను పంపినది "కన్సోల్ సరిగా రావడం లేదు" అన్న ఒక్క వాక్యం, కాబట్టి తప్పు వాళ్లది కాదు. రెండోదానికి, కొత్త కోడ్‌లో అది ఇప్పటికే పోయిందని జవాబు. నిజమే. గిట్ (సోర్సు కోడ్ ఉంచే భాండాగారం) నుంచి తెచ్చుకున్న సోర్సు ఫోల్డర్ నుంచే, ఇన్‌స్టాల్ చేయకుండానే దీన్ని నడపవచ్చు. నడిపి చూస్తే బగ్ లేదు. నేను వాడుతున్న లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోని వెర్షన్ పాతది, అంతే. మూడోది తీరా వెతికితే క్యూఈఎంయూలోది. వాళ్లే సరైన చోటు చూపించారు. మర్యాదగా మాట్లాడతారు, క్లుప్తంగా మాట్లాడతారు. చేతులు తక్కువ, పని ఎక్కువ అన్నది ఆ క్లుప్తతలోనే తెలుస్తుంది. 2022 ఆగస్టులో విర్ట్-మేనేజర్ 4.1 వచ్చాక 5.0 రావడానికి 2024 నవంబరు దాకా పట్టింది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో దీన్ని పక్కన పెట్టి, బ్రౌజర్‌లో తెరుచుకునే కాక్‌పిట్‌ను ముందుకు తెచ్చారు. దాంతో ఇది చచ్చిపోయిందని ప్రచారం మొదలైంది. పైన చెప్పిన తేదీలే దానికి సమాధానం.

కాక్‌పిట్‌ను మూడు నెలలు వాడాను. దూరం నుంచి చూడటానికి బాగుంది. నేను ఇంట్లో కూర్చుని ఆదోని మిల్లు వీఎంలు చూసేది అలాగే. సూక్ష్మమైన అమరికల దగ్గర మళ్లీ విర్ట్-మేనేజర్‌కే వస్తాను. రెండూ అదే లిబ్‌విర్ట్‌తో మాట్లాడతాయి కాబట్టి గొడవ లేదు. వీఎంలు నడపడానికే ఉన్న మరో వ్యవస్థ ప్రాక్స్‌మాక్స్ బాగుంటుంది గాని అది లిబ్‌విర్ట్‌ను వాడదు, మొత్తం కంప్యూటర్ దానికే రాసివ్వాలి. గుమాస్తా అదే కంప్యూటర్‌లో జీఎస్‌టీ పనులూ చూసుకునే చోట అది కుదరదు.

దీనికి తెలుగు అనువాదమూ ఉంది. పెట్టుకుని చూశాను, సరదాగా ఉంది. కానీ తప్పు సందేశం తెలుగులో వస్తే దాన్ని ఇంటర్నెట్‌లో వెతకడం ఎలా? వారంలో ఇంగ్లీషుకు తిరిగి వెళ్లిపోయాను, కొంచెం సిగ్గుపడుతూనే.

ఇప్పుడు మండీలో ఉన్న లినక్స్ డెబియన్ 12, అందులోని విర్ట్-మేనేజర్ 4.1. డెబియన్ 13లో 5.0 వచ్చింది, మార్చాలి. పెద్దాయన ఒప్పుకోలేదు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్లు కొట్టులోకి వచ్చి పదేళ్ల ఖాతా పుస్తకాలు ముద్దయిపోయాయి. అప్పటి నుంచి ఆయన సీజన్‌లో ఏదీ కదిలించనివ్వరు. సంక్రాంతి దాటాక చూద్దామన్నారు. ఈలోగా వీఎంల ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, డిస్కు నకలు ఉన్న హార్డ్ డిస్కును ప్రతి శనివారం గుమాస్తా మేడమీది బీరువాలో పెట్టి, తాళం ఆయన చేతికిస్తున్నాడు.