సోమాస్కానా, ఓలింకా: మన రక్తం ట్యూబులకు ఏది మేలు?

తిరుపతిలో ప్రొటీన్ల మీద పనిచేసే పిల్లలు నలుగురు కలిస్తే చాలు, రక్తంలో వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచే సోమాస్కాన్, ఓలింక్ అనే రెండు పద్ధతుల్లో దేనికి డబ్బు పెట్టాలనే గొడవే. అందరూ ముందు చూసేది సీవీ, అంటే ఒకే రక్తాన్ని మళ్లీ మళ్లీ పరీక్షిస్తే అంకె ఎంత శాతం ఊగుతుందనేది. ఐస్‌లాండ్‌లోని జన్యు పరిశోధన సంస్థ డీకోడ్ వాళ్లు 2023లో నేచర్ పత్రికలో వేసిన పోలికలో సోమాస్కాన్ మధ్యస్థ సీవీ 9.9 శాతం, ఓలింక్ ఎక్స్‌ప్లోర్‌ది 16.5 శాతం. ఇంకేముంది, సోమాస్కానే గెలిచిందంటారు.

కాస్త ఆగండి. బంగారుపాళ్యం మండీలో కాటా పదిసార్లు తూచినా అదే బరువు చూపిస్తుంది, సరే, బుట్టలో తోతాపురి మామిడి కింద నీలం రకం కాయలు కలిపేసుంటే? సోమాస్కాన్‌లో ప్రొటీన్‌ను పట్టేది ఆప్టమర్ అనే డీఎన్ఏ ముక్క ఒక్కటే. అది పక్క ప్రొటీన్‌ను పట్టుకున్నా ప్రతిసారీ అదే తప్పు చేస్తుంది, సీవీ మాత్రం ముచ్చటగా వస్తుంది! ఓలింక్‌లో అయితే రెండు యాంటీబాడీలు ఒకే ప్రొటీన్‌కు అంటుకొని, వాటి డీఎన్ఏ తోకలు జతపడితేనే సిగ్నల్. ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు దగ్గరి తేడాలను బట్టి కొలత కూడా మారిందా అని చూస్తే (మారితే సరైన ప్రొటీన్‌నే పట్టిందనడానికి అదో సాక్ష్యం), అదే పోలికలో ఓలింక్‌దే పైచేయి. రెండూ ఒకే ప్రొటీన్‌కు ఇచ్చిన అంకెలు చాలాచోట్ల అంతంతమాత్రంగానే కలిశాయి కూడా.

ఓలింక్‌కూ లోట్లున్నాయి. రక్తంలో మరీ తక్కువగా ఉండే ప్రొటీన్ల దగ్గర అంకె బాగా ఊగుతుంది. పైగా అది అంకెలిచ్చే ఎన్‌పీఎక్స్ అనే కొలత లాగ్ 2 స్కేలు, ఒకటి పెరిగితే రెట్టింపైనట్టు. దాని మీదే నేరుగా సీవీ కట్టి, అది ఉత్తుత్తిగా చిన్నదిగా వస్తే చంకలు గుద్దుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నన్నడిగితే, కొత్తగా జబ్బు గుర్తులు వెతికేవాళ్లకు ఓలింకే. ఎక్కువ ప్రొటీన్లు కావాలి, ఒకే మనిషిలో నెలనెలా మార్పు చూడాలంటే సోమాస్కాన్. చివరికి మిగిలిన నాలుగైదు ప్రొటీన్లను ఎలాగూ ఒక్కో ప్రొటీన్‌ను విడిగా కొలిచే ఎలైసా పరీక్షతో సరిచూసుకోవాల్సిందే.

ఏది కొన్నా రోగుల ట్యూబులన్నీ ఒక ప్లేటులో, ఆరోగ్యవంతులవన్నీ ఇంకో ప్లేటులో పెట్టొద్దు. కలగలిపి పెట్టండి, ప్లేట్లను ఒకదానితో ఒకటి పోల్చుకోడానికి ప్రతి ప్లేటులో ఒకే ఉమ్మడి ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) వేయండి. మే నెల ఎండలో రక్తం తీసి, టీ తాగొచ్చాక గిర్రున తిప్పి కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో వేద్దామనుకుంటే ఈలోపే కణాల్లోని ప్రొటీన్లు బయటికి కారతాయి, ఆ ట్యూబును ఏ యంత్రంలో పెట్టినా ఒకటే.