పక్షవాతం తర్వాత చేతి వ్యాయామానికి గేమ్ పరికరం: నాలుగు నెలల వాడకం

పక్షవాతంతో కుడి చేతిలో పట్టు తగ్గిన మా నాన్నగారి కోసం, చేతి కదలికలను కెమెరాతో గుర్తించే ఒక గేమ్ పరికరాన్ని నాలుగు నెలలుగా వాడుతున్నాము. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాన్ని పదిసార్లు చేసేసరికే విసుగుపడే ఆయన, తెరపై రాలుతున్న పండ్లను బుట్టలో పట్టడానికి అదే చేతిని అరవైసార్లు చాచడం చూసి మాకే ఆశ్చర్యం వేసింది. దెబ్బతిన్న మెదడు కొత్త దారులు వెతుక్కోవడానికి కావలసినది కూడా అటువంటి విడవని సాధనే.

అయితే ఒక లోపం మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. మోచేయి చాపడానికి బదులు నడుము ముందుకు వంచినా పరికరం పాయింట్లు ఇచ్చేస్తుంది కనుక, ఆయన వీపు కుర్చీకి ఆనే ఉందో లేదో చూడడానికి ఎవరో ఒకరం పక్కనే కూర్చోవలసి వస్తోంది. భుజం నొప్పి అన్న రోజున ఆట ఆపేస్తున్నాము.

2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 141 మంది రోగులను పరిశీలించగా, నింటెండో వీ అనే వీడియో గేమ్ పరికరంపై ఆడే ఆటలు పేకాట, బింగో వంటి మామూలు కాలక్షేపాల కంటే చేతికి ఎక్కువ మేలు చేసినట్లు తేలలేదు. అందుచేత దీనిని చికిత్సకు బదులుగా కాక, తోడుగా మాత్రమే కొనమంటాను. గెలిచినప్పుడల్లా మోగే ఆ చప్పట్ల శబ్దాన్ని తగ్గించే వీలు కూడా ఉంటే బాగుండేది.