బర్రె మీద ట్యాక్సా, మటన్ మీద ట్యాక్సా, పాల బిల్లులో ఇన్సెంటివా? ఏది మేలు

డెన్మార్క్ వాళ్లు 2030 నుంచి ఆవుల మీద, పందుల మీద కార్బన్ ట్యాక్స్ వేస్తున్రు, 2024 నవంబర్‌లో వాళ్ల పార్లమెంట్ ఓకే కూడా చేసేసింది. అప్పట్నుంచి హైదరాబాద్‌లో క్లైమేట్ గురించి ఎక్కడ డిస్కషన్ జరిగినా ఎవరో ఒకరు మనం కూడా వేయాలె అంటనే ఉన్నరు. అనేటోళ్లలో బర్రె పాలు పిండినోళ్లు మాత్రం నాకైతే ఇంతవరకు కనపడలే. అందుకే ఈ పోలిక రైతు వైపు నుంచి రాస్తున్న, ఎందుకంటే ట్యాక్స్ ఎక్కడ పెట్టినా అది చివరికి ఎవరి జేబులకెళ్లి పోతదో చూడకుండ ఏది మేలో చెప్పలేం.

ముందు అసలు సమస్య. నెమరు వేసే జంతువు కడుపుల గడ్డి పులిసేటప్పుడు మీథేన్ పుడతది, అది ఎక్కువ శాతం తేన్పుల్లోనే బయటికొస్తది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ల దాకనే ఉంటది గాని ఉన్నన్ని రోజులు గట్టిగ వేడి పట్టుకుంటది, వందేళ్ల లెక్కల చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు. మనుషుల వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువుల్లో పశువుల వాటా 14.5 శాతమని ఐక్యరాజ్య సమితి ఫుడ్ అండ్ అగ్రికల్చర్ సంస్థ 2013లో చెప్పింది, 2023 రిపోర్ట్‌లో అది 12 శాతం దగ్గరికి వచ్చింది. ఇది చిన్న సంగతేం కాదు, ఎండలు ముదిరితే ముందుగాల పాలు తగ్గేది బర్రెకే, నష్టపోయేది కూడా రైతే. కాబట్టి ఏదో ఒకటి చేయాలె అన్న కాడ నాకు డౌట్ లేదు.

ఇగ మొదటి దారి, డెన్మార్క్ దారి, అంటే తల లెక్కన రైతు దగ్గరే వసూలు చేసుడు. పశువు వదిలే వాయువును కార్బన్ డయాక్సైడ్ లెక్కలకు మార్చి, టన్నుకు ఇంత అని వేస్తరు. వాళ్ల రేటు 2030లో టన్నుకు 300 క్రోనర్లు (డెన్మార్క్ కరెన్సీ), 2035కల్లా 750, కాని 60 శాతం డిడక్షన్ ఉంది కాబట్టి చేతినుంచి పడేది మొదట 120, తర్వాత 300. అది కూడా గవర్నమెంట్ ఒక్కతే కూసొని రాసింది కాదు, రైతుల పెద్ద సంఘం, ప్రకృతి పరిరక్షణ సంఘం, కంపెనీలు అందరూ ఒక టేబుల్ మీద కూసొని 2024 జూన్‌లో ఒప్పుకున్నరు, వచ్చిన పైసలు మొదటి రెండేళ్లు మళ్లీ ఆ రంగంలనే పెడతమని మాట ఇచ్చిన్రు. అయినా అక్కడ అందరు రైతులు సంతోషంగ ఏం లేరు, మా మీద భారం వేస్తే పాలు, మాంసం ఇంకో దేశంల తయారైతయి గాని మీథేన్ మాత్రం తగ్గదు అని వాదించేటోళ్లు ఉన్నరు. న్యూజిలాండ్‌లో అదే వాదన గెలిచింది. 2003లో ట్యాక్స్ ప్రపోజల్ వస్తే ఒక ఎంపీ పార్లమెంట్ మెట్ల మీదికి ట్రాక్టర్ ఎక్కించిండు, అది పోయింది, 2022లో మళ్లీ తెచ్చిన్రు, రైతులు ట్రాక్టర్లతో సిటీల్లోకి వచ్చిన్రు, గొర్లు మేపే గుట్టలన్నీ పైన్ చెట్ల ప్లాంటేషన్లు అయిపోతయని వాళ్ల భయం, 2024లో కొత్త గవర్నమెంట్ మొత్తం పక్కన పెట్టేసింది.

ఇప్పుడు అదే రేటు మన బర్రెకు వేసి చూద్దాం. మన దిక్కు బర్రె ఏడాదికి 55 కిలోల మీథేన్ వదుల్తదని 2006 నాటి అంతర్జాతీయ లెక్కల్లో ఉంది, 28తో కొడితే కార్బన్ డయాక్సైడ్ లెక్కన టన్నున్నర. క్రోనర్ 12, 13 రూపాయలు అనుకుంటే, డిడక్షన్ పోంగ కూడా బర్రెకు ఏడాదికి రెండు వేల మూడొందల దాకా పడతది. రోజుకు ఆరు లీటర్ల చొప్పున ఎనిమిది తొమ్మిది నెలలు ఇచ్చే బర్రె అయితే ఏడాదికి 1500 లీటర్లు, అంటే లీటరుకు రూపాయిన్నర. డెన్మార్క్ ఆవు ఏడాదికి పదివేల లీటర్ల దగ్గర ఇస్తది, ఒక్కో ఆవుకు ట్యాక్స్ 672 క్రోనర్లు అని అప్పట్ల వార్తల్లో లెక్క వచ్చింది, లీటరుకు రూపాయి కూడా పడదు. చూసిన్రా, డెయిరీ షెడ్డు పెట్టుకున్నోనికి తక్కువ, రెండు బర్లు కట్టేసుకున్నోనికి ఎక్కువ.

పోనీ ఆ రూపాయిన్నర రేట్ల కలుపుకుంటడా అంటే అది ఆయన చేతిల లేదు. పాల సెంటర్ కాడ పొద్దున ఆరుకు నిలబడి చూడండి, క్యాన్‌లకెళ్లి కొంచెం శాంపిల్ తీస్తరు, మిషన్‌ల పెడతరు, ఫ్యాట్ ఇంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండ పాలల్ల ఉండే మిగతా గట్టి పదార్థం) ఇంత అని స్క్రీన్ మీద పడతది, చిన్న చీటీ బయటికొస్తది, చీటీ మీద ఏ రేటుంటే అదే రేటు. బేరం లేదు, పదిహేను రోజులకోసారి బిల్లు. తవుడు ధర పెరిగినా, పత్తి చెక్క ధర పెరిగినా ఆ చీటీ మారదు. చేవెళ్ల దిక్కు మా చిన్నమ్మ వాళ్లకు రెండు బర్లు, ఈ ట్యాక్స్ ముచ్చట చెప్తే ఆమె అడిగింది ఒక్కటే, "పాలియ్యని బర్రెకు కూడా కట్టాల్నా బిడ్డా?" అని. తల లెక్కన అంటే కట్టాలె మరి. వట్టిపోయిన బర్రె, ముసలి ఆవు, అవి కూడా తేన్పులు తీస్తనే ఉంటయి. డెన్మార్క్ రైతు పాలియ్యని ఆవును అమ్మేసి తల తగ్గించుకుంటడు, మన దగ్గర 1977 గోవధ నిషేధ చట్టం ప్రకారం ఆవును వధకు పంపే వీలే లేదు. తగ్గించుకునే దారి మూసేసి ట్యాక్స్ వేస్తే రైతు తాడు విప్పి రోడ్డు మీదికి వదిలేస్తడు, మీథేన్ మాత్రం అంతే ఉంటది. ఈ దారి మనకు పనికిరాదని నేను గట్టిగనే చెప్తున్న.

రెండోది మాంసం మీద, అంటే తినేటోని దగ్గర వసూలు. వినడానికి ఇదే న్యాయంగ ఉంటది, తిన్నోడే కట్టాలె కదా అని. ఇప్పుడైతే షాపుల కోసిచ్చే తాజా మటన్ మీద జీఎస్టీ లేదు, అదే మటన్ బిర్యానీ అయి మామూలు హోటల్ ప్లేట్ల పడితే 5 శాతం ఉంది. దీంట్ల ఒక నిజమైన లాభం ఉంది, ఒప్పుకోవాలె, కోడికి నెమరు కడుపు లేదు కాబట్టి మటన్ పిరమై జనం చికెన్‌కు మళ్లితే మీథేన్ నిజంగనే తగ్గుతది. కాని తెలంగాణల గొర్రె ఎవరిది? 2019 పశుగణనల గొర్లు 1.91 కోట్లు, దేశంల మనమే ఫస్ట్, వాటిని మేపేది గొల్ల కురుమలు. ఆ జీవాలు దాణా తిని పెరిగేటివి కావు, కోత అయిపోయిన చేన్ల కొయ్యలు, బీళ్లు, గుట్టలు మేస్తయి, రాత్రికి ఎవరి చేన్ల మంద పెడితే ఆ రైతు ఎరువు కోసం గొర్ల కాపరికి పైసలో గింజలో ఇస్తడు. యూరియా తగ్గేది అట్లనే. మటన్ మీద ట్యాక్స్ లెక్కల ఈ ఎరువు ఏడ కనపడతది?

ఇంకో సంగతి, హైదరాబాద్ జియాగూడ గొర్ల మార్కెట్‌ల జీవాన్ని చూసి, లేపి, బరువు అందాజగ పట్టి రేటు కడతరు. షాపాయన మీద కిలోకు 40 రూపాయలు పెరిగితే ఆయన సగం గిరాకీ మీద వేస్తడు, సగం కొనేకాడ కోస్తడు, కోసేది ఎవరి దగ్గర, లారీల జీవాలను ఏసుకొని రాత్రంత ప్రయాణం చేసి వచ్చినోని దగ్గర. ఆయన వాటిని మళ్ల ఊరికి తోలుకపోలేడు కదా. రంజాన్ హలీంకు, పెండ్లి దావత్‌కు కొనేటోడు ఎట్లయినా కొంటడు, తగ్గించుకునేది ఆదివారం అరకిలో తెచ్చుకునే ఇల్లే. ఒకవేళ తప్పకుండ పెట్టాల్సిందే అంటే పెద్ద హోటళ్ల బిల్లు మీద పెట్టుకోండి, అక్కడ ఎట్లాగూ బిల్లింగ్ ఉంది, మార్కెట్‌ల మాత్రం వద్దు.

మూడోది నాకు నచ్చింది, ట్యాక్స్ కాకుండ, మీథేన్ తగ్గించినోనికి పాల బిల్లులనే పైసలు ఇచ్చుడు. దీనికి సాధనాలు లేక కాదు. బెంగళూరుల ఉన్న ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) పశు పోషణ సంస్థ హరిత్ ధార అని ఒక దాణా పదార్థం తయారు చేసింది, టానిన్ అనే వగరు పదార్థం ఉన్న చెట్ల నుంచి చేసింది, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతదని వాళ్ల లెక్క. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్లు రేషన్ బ్యాలెన్సింగ్ అని ఊర్లల్ల చేసిన్రు, అంటే బర్రెకు ఉన్న మేతనే సరైన పాళ్లల్ల పెట్టుడు, దాంట్ల రైతుకు ఖర్చు తగ్గింది, పాలు పెరిగినయి, మీథేన్ కూడా తగ్గింది. మన దగ్గర ఎండాకాలమంత వట్టి వరిగడ్డి వేస్తరు, అరగడానికి కష్టమైన మేత అది, తేన్పులు ఎక్కువ, పాలు తక్కువ. గుంటెడు జాగల సూపర్ నేపియర్ పచ్చిగడ్డి పెట్టి, మినరల్ మిక్చర్ వేస్తే రైతుకే లాభం, అందుకే ఈ పని చేయమంటే ఎవరూ ట్రాక్టర్ వేసుకొని రోడ్డు మీదికి రారు.

దీంట్ల లొసుగు లేదా అంటే ఉంది, పెద్దదే. తెలంగాణల పాలకు లీటరుకు 4 రూపాయల ఇన్సెంటివ్ అని పెట్టిన్రు, మంచి స్కీమే, కాని ఆ పైసలు టైమ్‌కు పడతలేవని రైతులు ఎన్నోసార్లు ఆందోళన చేసిన్రు. రేపు మీథేన్ ఇన్సెంటివ్ అన్నా రైతు మొదట అడిగేది అదే, ఎప్పుడు పడతయి అని. ఇంకోటి, బర్రె తేన్పును ఇంటింటికి పోయి కొలవలేం, కాబట్టి దాణా తీసుకున్నడా లేదా, పాలు ఎంత పెరిగినయి అన్నదాని మీదనే లెక్క కట్టాలె, అట్ల కడితే కొంత మోసం జరుగుతది. జరగనీయండి అనను గాని, చిన్నమ్మ దగ్గర బర్రెకు రెండు వేలు గుంజే తప్పు కంటే ఇది చిన్న తప్పు. గొర్ల కాపరికి పాల బిల్లు ఉండదు కాబట్టి ఈ దారి ఆయనకు అందదు, ఆయనకు టీకాలు, నట్టల మందు టైమ్‌కు ఇచ్చి పిల్లలు చావకుండ చూస్తే చాలు, తక్కువ జీవాలతోనే అంత మాంసం వస్తది.

2021లో గ్లాస్గో క్లైమేట్ సదస్సుల వచ్చిన మీథేన్ తగ్గించే ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలే, పశువుల మీథేన్, వరి మీథేన్ బతుకుదెరువుకు సంబంధించినవని మన వాదన. ఆ వాదన కరెక్టే, కాని దాని పేరు మీద ఏమీ చేయకుండ కూసుంటే మాత్రం కరెక్ట్ కాదు. పాల సెంటర్ల అడగాల్సింది ఒక్కటి ఉంది: మిషన్‌ల ఎట్లాగూ చీటీ వస్తది, ఆ చీటీల ఫ్యాట్ కింద ఇంకో లైన్ పెట్టి దాణా ఇన్సెంటివ్ అని రాసి, పాల పైసలతోని కలిపి అదే పదిహేను రోజులకు అదే ఖాతాల వేయండి, వేరే ఆఫీసుకు, వేరే అప్లికేషన్‌కు తిప్పకండి.