చలి పొద్దున మొరాయించే కారు: మల్టీమీటర్ మేలా, ఓబీడీ స్కానర్ మేలా?

డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు పొద్దులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. ఈమాత్రం చలికి మంచి కారు మొరాయించకూడదు. మొరాయించిందంటే లోపం ముందే ఉంది, చలి దాన్ని బయటపెట్టిందంతే. బ్యాటరీ మార్చేయమనే సలహా ఎవరైనా ఇస్తారు. డబ్బు పెట్టేముందు ఒకసారి చెవిపెట్టి వినండి.

సెల్ఫ్ నీరసంగా ఈడుస్తున్నా, టక్ టక్ అని ఆగిపోతున్నా అది కరెంటు సంగతి, మల్టీమీటర్ (వోల్టులు, ఓమ్స్ కొలిచే చిన్న పరికరం) పని. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే పెట్రోలు, స్పార్క్, సెన్సర్లను అనుమానించాలి. అక్కడ ఓబీడీ స్కానర్ (కారులోని సాకెట్‌కు తగిలిస్తే కారు కంప్యూటర్ చెప్పేది చదివే పరికరం) ఎక్కువ చెబుతుంది. రెండిట్లో ఒకటే కొనాలంటే మీటరే కొనండి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని రోజుల తరబడి బేస్‌మెంట్‌లో పడుండి, బయటికొస్తే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే కార్లలో ముందుగా అలిసేది బ్యాటరీయే.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో వెయ్యి లోపే పనికొచ్చే మీటరు దొరుకుతుంది. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, రాత్రంతా నిలబడిన కారు బ్యాటరీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. బండి ఆపిన వెంటనే చూస్తే 12.8 చూపించి మోసం చేస్తుంది. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడే. చాలా పెట్రోలు కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్షన్ ఆగిపోతుంది, ఇంజిన్ అందుకోకుండా తిరుగుతుంది. ఆ మూడు నాలుగు సెకన్లలో రీడింగ్ 9.6 కంటే దిగితే, అదీ బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయ్యాక కూడా, దాని పని అయిపోయినట్టే.

10.5 పైన నిలబడి కూడా సెల్ఫ్ ఈడుస్తోందా? బ్యాటరీ జోలికి పోవద్దు. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాక్ మీద, నల్లది మైనస్ పోస్టు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ వైరులోనే అడ్డు ఉంది. బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగిస్తే చాలు. కొత్త బ్యాటరీ వేశాక కూడా మళ్లీ అదే గోల అనేవాళ్ల బండ్లలో తరచూ దొరికేది ఇదే.

స్కానర్ కొన్నవాళ్లు చేసే పొరపాటు కారు నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు మాత్రమే చదవడం. కోడ్ లేకపోయినా లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చూపే అంకెలు చూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ పోల్చండి. మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. గాలి 16 చూపిస్తుంటే కూలెంట్ 70 అంటోందంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంజిన్ వేడిగా ఉందని నమ్మి, చలికి కావాల్సిన అదనపు పెట్రోలు ఇవ్వదు. మైనస్ 40 చూపిస్తే సెన్సర్ వైరు తెగిందో, కనెక్టర్ ఊడిందో చూడండి. ఇది మీటరుతో ఇంత తేలిగ్గా తేలదు.

అయితే సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టేజీకి స్కానర్‌ను నమ్మలేం. రీడింగ్ నెమ్మదిగా మారుతుంది. ఫోన్‌కు కలుపుకునే చవక స్కానర్ అడాప్టరైతే ఆ క్షణంలో కనెక్షనే పోతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ అడాప్టర్ కొంటే జతకాదు, వైఫైదో బీఎల్‌ఈ (బ్లూటూత్ లో ఎనర్జీ)దో తీసుకోవాలి.

మామూలు పెట్రోలు కార్లలో ఫ్యూయల్ ప్రెషర్ ఈ రెండూ చూపించవు. దానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది: కీ ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా మూడుసార్లు. ఆ తర్వాత ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే రాత్రంతా ప్రెషర్ కారిపోతోందన్నమాట. పంపులోని చెక్ వాల్వో, కారే ఇంజెక్టరో కారణం. సీఎన్‌జీ కార్లవాళ్లు ఇది తప్పక చేయాలి. వాటిలో చాలావరకు స్టార్ట్ అయ్యేది పెట్రోలు మీదే, ఆ సంగతి మరచి ట్యాంకు అడుగంటా ఎండబెడతారు.

డీజిల్‌కు మళ్లీ మీటరే ముందు. గ్లో ప్లగ్ (చలిలో స్టార్ట్ అవడానికి సిలిండర్ లోపల వేడి పుట్టించేది) కనెక్టర్ తీసి, దాని మొనకూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఓమ్స్ చూడండి. ఒక ఓమ్ అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు, మీటరు మీద ఓఎల్ (కొలత హద్దు దాటింది) అంటే కాలిపోయినట్టు. ప్లగ్‌లన్నీ బాగుండీ స్టార్ట్ కాకపోతే అప్పుడు స్కానర్ తగిలించి, సెల్ఫ్ తిరిగేటప్పుడు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే డీజిల్ ఒత్తిడి) పెరుగుతోందో లేదో చూడాలి.